ఆల్ఫా, బీటా, గామా చెప్పేశాను. "మా అమ్మ పక్కన కూర్చోవచ్చా?" అంటే ఆగిపోయాను

సైన్స్_టీచరమ్మ
పదో తరగతికి రేడియోధార్మికత పాఠం ఆరు పీరియడ్లలో పూర్తి చేశాను. 1896లో బెకరెల్ యురేనియం లవణాన్ని ఫొటో పలక మీద పెట్టడం, 1898లో క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం కనిపెట్టడం, మూడు రకాల కిరణాలు, అర్ధజీవిత కాలం (పదార్థం సగానికి తగ్గడానికి పట్టే సమయం) లెక్కలు, అన్నీ అయ్యాయి. టెస్టు పెడితే మార్కులూ బాగానే వచ్చాయి.

నిన్న బెల్ కొట్టాక ఒక అమ్మాయి బోర్డు దగ్గరికి వచ్చి నిలబడింది. వాళ్లమ్మకు క్యాన్సర్, రేడియేషన్ ఇస్తున్నారట. ఆమె పడుకునే గదిలోకి పిల్లల్ని పెద్దవాళ్లు వెళ్లనివ్వడం లేదట. "టీచర్, సీజియం సగం తగ్గడానికి 30 ఏళ్లు అన్నారు కదా. అమ్మ ఒంట్లోది ఎప్పటికి పోతుంది? అప్పటిదాకా పక్కన కూర్చోకూడదా?" అని అడిగింది.

ఏం కాదమ్మా, కూర్చోవచ్చు అన్నాను. ఎందుకు కూర్చోవచ్చో మాత్రం ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. టెస్టులో ఆ అమ్మాయికి 25కి 23 వచ్చాయి. అంటే నేను చెప్పిన పాఠం మొత్తం వచ్చినా ఆ ప్రశ్నకు జవాబు దొరకదన్నమాట. స్టాఫ్ రూములో ఈ మాట అంటే ఒక సహోద్యోగి "మన పని సమీకరణాలు, మిగతాది సోషల్ వాళ్లు చూసుకుంటారు" అన్నారు. నాకు మింగుడు పడలేదు. మీరంతా ఈ పాఠం ఎలా చెబుతున్నారు?

పాత_సుద్దముక్క
ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. తప్పు నీది కాదమ్మా, పాఠం వరసది. ముందు కిరణాలు, తర్వాత లెక్కలు, చిట్టచివర "ఉపయోగాలు, నష్టాలు" అని అర పేజీ. అక్కడికి వచ్చేసరికి టైమ్ అయిపోతుంది, ఇంట్లో చదువుకోండి అంటాం. ఆ పిల్లకు కావలసిన జవాబు ఆ అర పేజీలో కూడా ఉండదు.

డోస్_మీటర్
ఆసుపత్రిలో రేడియేషన్ భద్రత చూసే ఉద్యోగం నాది. టీచర్ గారూ, పాఠం సంగతి తర్వాత, ముందు ఆ అమ్మాయి సంగతి తేలుద్దాం. వాళ్లమ్మ రోజూ వెళ్లి మిషన్ కింద పడుకుని వచ్చేస్తున్నారా? లేక మందు మింగించి కొన్నాళ్లు విడి గదిలో ఉంచారా? రెండింటికీ జవాబులు వేరు.

సైన్స్_టీచరమ్మ
రోజూ వెళ్లి వస్తున్నారట. పది నిమిషాల పనేనట.

డోస్_మీటర్
అయితే బయటి నుంచి కిరణాలు ఇచ్చే చికిత్స. మిషన్ ఆపగానే కిరణాలు ఆగిపోతాయి. ఆమె ఒంట్లో సీజియమూ లేదు, ఇంకే రేడియోధార్మిక పదార్థమూ లేదు. 30 ఏళ్లు కాదు, 30 సెకన్లు కూడా ఆగక్కర్లేదు. పక్కన కూర్చోవచ్చు, పక్కలో పడుకోవచ్చు, కౌగిలించుకోవచ్చు.

పేషెంట్ల ఇంట్లోవాళ్లకు నేను చెప్పే మాట ఒకటుంది. ఎండదెబ్బ తగిలినవాణ్ణి ముట్టుకుంటే మనకు ఎండదెబ్బ తగలదు.

చికిత్స టైములో ఒంట్లో శక్తి తగ్గి ఇన్‌ఫెక్షన్ వస్తుందేమోనని డాక్టర్ ఏమైనా జాగ్రత్తలు చెప్పి ఉంటే అవి వేరు. అవి ఆమెను మన నుంచి కాపాడటానికి. ఏదైనా సరే, ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరు వెళ్లి డాక్టరును నేరుగా అడిగితే మంచిది.

పదాల_పిచ్చి
ఎండదెబ్బ మాట నాకు బాగా నచ్చింది. చిక్కు చాలావరకు మనం వాడే క్రియల్లోనే ఉంది. "రేడియేషన్ సోకింది" అని వార్తల్లో చదువుతుంటాం. సోకడం అనేది జబ్బుకు వాడే మాట, ఒకరి నుంచి ఒకరికి పాకేదానికి. ఆ మాట విన్నాక ఎవరైనా రెండడుగులు వెనక్కి వేస్తారు.

కిరణం "పడుతుంది". పొడి "అంటుకుంటుంది". ఈ రెండూ విడివిడిగా పలికితే ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు అందులోనే వచ్చేస్తుంది. వాళ్లమ్మ మీద కిరణం పడింది, ఏమీ అంటుకోలేదు.

సైన్స్_టీచరమ్మ
పడటం, అంటుకోవడం. ఆరు పీరియడ్లలో ఈ రెండు మాటలు నేను ఒక్కసారి కూడా వేరు చేసి చెప్పలేదు.

బీఎస్సీ_వెనకబెంచి
చిన్న అభ్యంతరం. కిరణం పడినంత మాత్రాన వస్తువు రేడియోధార్మికం కాదు అని ఖరారుగా చెబితే తప్పవుతుంది. న్యూట్రాన్లు పడితే అవుతుంది. రేడియోధార్మికమైన కోబాల్ట్-60 తయారయ్యేదే అలా. మామూలు కోబాల్ట్-59ని రియాక్టర్‌లో పెడితే న్యూట్రాన్‌ను పట్టుకుని కోబాల్ట్-60గా మారుతుంది.

డోస్_మీటర్
@బీఎస్సీ_వెనకబెంచి నిజమే. అందుకే నేను "ఎక్స్‌రే గదిలో, క్యాన్సర్ చికిత్సలో వాడే కిరణాల వల్ల మనిషి పక్కవాళ్లకు ప్రమాదం కలిగించేలా మారడు, న్యూట్రాన్ల కథ వేరు" అంటాను. పదో తరగతికి ఆ ఒక్క వాక్యం చాలు. తెలివైన పిల్లలు ఆ వేరే కథేమిటని వాళ్లే అడుగుతారు.

రెండో_పీరియడ్
మాటల గురించి వచ్చింది కాబట్టి. పోయినేడు మా క్లాసులో ఒకడు లేచి "సార్, ఇంతమందిని చంపేదానికి ధార్మికత అని పేరేమిటి? ఇందులో ధర్మం ఏముంది?" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు, నిజంగానే అడిగాడు.

పదాల_పిచ్చి
మంచి ప్రశ్న అడిగాడు. నిప్పు ధర్మం కాల్చడం అంటాం చూడండి, అక్కడి ధర్మమే ఇది. స్వభావం అని. కిరణాలు వెలువరించే స్వభావం. "రేడియో" అన్నది కిరణం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది, పాటలు వినే రేడియో పేరూ అక్కడి నుంచే వచ్చింది కానీ ఆ పెట్టెతో దీనికి పనిలేదు. ఈ పదాన్ని 1898లో పెట్టింది క్యూరీ దంపతులే.

అణువు మాటతో ఇంకో తంటా. పుస్తకంలో అణువు అంటే మాలిక్యూల్, పరమాణువు అంటే ఆటమ్. తీరా అణుబాంబు, అణు విద్యుత్ అనేసరికి అది పరమాణువు కాదు, దాని లోపలి కేంద్రకం సంగతి. పిల్లలు తికమకపడటంలో వింతేముంది? మొదటి పీరియడ్‌లో ఐదు నిమిషాలు ఈ పేర్లకు ఇస్తే మేలు.

రెండో_పీరియడ్
రేడియోతో పనిలేదని మీరన్నారు, మావాళ్లలో ఇద్దరు దాన్నీ అడిగారు :) ఇంకొకటి కూడా ఉంది. బండి వెనక మెరిసే స్టిక్కర్లను అందరం "రేడియం" అంటాం కదా. అందులో రేడియం ఉందనే మా పిల్లల్లో చాలామంది నమ్మకం. అది వెలుతురును వెనక్కి కొట్టే రేకు మాత్రమేనని చెప్పి, లైట్లార్పి చూపించాల్సి వచ్చింది.

పాత_సుద్దముక్క
ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి బాబూ. ఒకప్పుడు గడియారాల ముళ్లు, అంకెలు చీకట్లో వెలగడానికి నిజంగానే రేడియం పూసేవారు. అమెరికాలో ఆ పని చేసిన ఆడపిల్లల కథ ప్రతి సైన్సు పాఠంలోనూ ఉండాలి. కుంచె కొన సన్నబడటానికి పెదాలతో తడుపుకోమని వాళ్లకు పని నేర్పేవాళ్లే చెప్పారు. అలా అంకె అంకెకూ కొంచెం కొంచెం లోపలికి పోయింది. రేడియం రసాయన గుణంలో కాల్షియానికి దగ్గరి చుట్టం. ఒళ్లు దాన్ని కాల్షియం అనుకుని తీసుకెళ్లి ఎముకల్లో పెట్టుకుంది. దవడలు పుచ్చిపోయాయి. అదే కంపెనీలో రసాయనవేత్తలు మాత్రం సీసపు తెరల వెనక నిలబడి పటకార్లతో పనిచేసేవారు. న్యూజెర్సీలో ఐదుగురు ఆడవాళ్లు కోర్టుకెక్కారు. తమ తరఫున నిలబడే లాయరు దొరకడానికే వాళ్లలో ఒకామెకు రెండేళ్లు పట్టింది. 1928లో కంపెనీ రాజీకి వచ్చింది.

ఆవర్తన పట్టికలో రేడియం కాల్షియం ఉన్న నిలువు వరుసలోనే ఎందుకుందో ఈ కథతో చెప్పాక ఒక్క పిల్లాడు కూడా మర్చిపోలేదు.

సోషల్_మాస్టారు
"మిగతాది సోషల్ వాళ్లు చూసుకుంటారు" అన్నాయనకు సోషల్ చెప్పే నేనే జవాబిస్తాను. మా పుస్తకంలో హిరోషిమా ఉంది, 1945 ఆగస్టు 6 అని తేదీ ఉంది. బాంబు దెబ్బకు తట్టుకుని బతికినవాళ్లను, వాళ్ల పిల్లల్ని ఏళ్ల తరబడి పెళ్లి సంబంధాలకు, ఉద్యోగాలకు దూరం పెట్టారని నేను చెబితే "ఎందుకు సార్, ముట్టుకుంటే మనకూ వస్తుందా?" అంటారు. అక్కడ నాకు ఫిజిక్స్ కావాలి.

నేను గొయానియా చెబుతాను. బ్రెజిల్, 1987. ఒక క్యాన్సర్ చికిత్స కేంద్రం వేరే చోటికి మారుతూ పాత మిషన్‌ను ఖాళీ భవనంలో వదిలేసింది. తుక్కు కోసం వెతికే ఇద్దరు దాన్ని విప్పి, లోపలి భాగాన్ని తుక్కు వ్యాపారికి అమ్మారు. అందులో రేడియోధార్మిక సీజియం క్లోరైడ్ పొడి, మొత్తం కలిపి వంద గ్రాములకు లోపే. చీకట్లో నీలంగా వెలిగింది. ముచ్చటపడి చుట్టాలకు, స్నేహితులకు చిటికెడు చిటికెడు పంచారు. కొందరు ఒంటికి రాసుకున్నారు. ఆరేళ్ల పాప దానితో ఆడుకుని ఆ చేతులతోనే అన్నం తిన్నది.

ఇంట్లో ఒక్కొక్కరే జబ్బు పడుతుంటే అనుమానం వచ్చింది ఆ వ్యాపారి భార్యకు. మిగిలిన ముక్కను సంచిలో వేయించుకుని బస్సెక్కి ఆరోగ్య శాఖ ఆఫీసుకు తీసుకెళ్లింది. ఆమె వల్లే విషయం బయటపడింది. చనిపోయిన నలుగురిలో ఆమె ఉంది, ఆ పాప ఉంది. 249 మందికి పొడి అంటినట్టు తేలింది. స్టేడియంలో వరసలో నిలబడి పరీక్ష చేయించుకున్నవాళ్లు లక్షా 12 వేల మంది.

పాపను సీసపు శవపేటికలో ఖననం చేస్తుంటే జనం రాళ్లు విసిరారు. ఆ ఊరివాళ్లు వేరే ఊళ్లకు వెళ్తే హోటళ్లలో గదులు ఇవ్వలేదు. ఇక్కడ ఆపి పిల్లల్ని అడుగుతాను, రాళ్లు విసిరినవాళ్లకు ఏం తెలిసి ఉంటే విసరకుండా ఉండేవారు అని. పీరియడ్ అంతా దానికే సరిపోతుంది.

బీఎస్సీ_వెనకబెంచి
కానీ ఆ పాప ఒంట్లో నిజంగానే సీజియం ఉంది కదా సార్. ఇక్కడ పడటం కాదు, అంటుకోవడమూ లోపలికి పోవడమూ. జనం భయం పూర్తిగా తప్పని ఎలా అంటాం?

డోస్_మీటర్
సరిగ్గా పట్టుకున్నావు. అందుకే సీసం పెట్టారు, పైన కాంక్రీటు వేశారు. సీసం, కాంక్రీటు, మట్టి, దూరం, ఇన్ని అడ్డు ఉన్నాక దూరంగా నిలబడినవాడికి అందేది ఏమీ ఉండదు. ఆ పెట్టె ఎందుకో తెలిస్తే రాయి అక్కర్లేదు. దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది పిల్లలకు కాంతి పాఠంలో వచ్చిన లెక్కే.

పాత_సుద్దముక్క
సోషల్_మాస్టారు గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. ఒక ఏడాది నేనూ ఇలాగే చెర్నోబిల్ అణు ప్రమాదం ఫొటోలు తెచ్చి చూపించాను. వారం తిరక్కుండా ఒక పిల్లాడి తండ్రి స్కూలుకు వచ్చారు. వాడు పన్నుకు ఎక్స్‌రే తీయించుకోనని దవాఖానాలో నేల మీద పడి ఏడ్చాడట. ఘోరాలు చెప్పడం సులువు, పిల్లల మనసులో అవే మిగిలిపోతాయి. ఆ తర్వాత నేను ఆ ఫొటోలు తీసుకెళ్లలేదు.

లెక్క_తేలాలి
అందుకే అంకెలు చెప్పాలి. ఒంటికి అందే రేడియేషన్ డోసును మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ప్రపంచ సగటు చూస్తే ప్రకృతి నుంచే మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతుంది. అందులో సుమారు సగం నేలలోంచి వచ్చే రేడాన్ వాయువుది. ఛాతీ ఎక్స్‌రే ఒకటి 0.1కి మించదు. ఛాతీ సీటీ స్కాన్ అయితే 7 దాకా పోతుంది. రేడియేషన్ ఉద్యోగులకు పరిమితి ఏడాదికి సగటున 20. ఒకేసారి ఒళ్లంతా 4000 దాటితే, చికిత్స లేకపోతే సగం మంది బతకరు. మన ఒంట్లోనే ఉన్న రేడియోధార్మిక పొటాషియం-40లో సెకనుకు నాలుగు వేలకు పైగా కేంద్రకాలు విఘటనం అవుతుంటాయి, అంటే కిరణాలు వెలువరించి వేరే కేంద్రకాలుగా మారుతుంటాయి. ఈ అంకెలు గోడ మీద ఒక గీతపై రాసి పెడితే పన్ను ఎక్స్‌రే ఎక్కడుందో ఆ పిల్లాడే చూసుకుంటాడు.

సోషల్_మాస్టారు
అంకెలు కావాలి, కాదనను. కానీ ఆ అంకె ఎవరు చెబుతున్నారు, గతంలో వాళ్లు నిజం చెప్పారా అన్నది కూడా జనం చూస్తారు. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ పేలింది. పక్కనే ఉన్న ప్రిప్యాత్ ఊరివాళ్లను కదిలించింది మర్నాడు మధ్యాహ్నం. ఆ ముప్పై ఆరు గంటలూ పిల్లలు వీధుల్లో ఆడుకున్నారు. మూడు రోజుల్లో తిరిగొస్తారని చెప్పి బస్సులెక్కించారు, తిరిగి రాలేదు. బయటి ప్రపంచానికి తెలిసింది 28న, స్వీడన్‌లో ఒక అణు విద్యుత్ కేంద్రం ఉద్యోగి బూట్లకు ధూళి అంటి అలారం మోగినప్పుడు. అలాంటి అనుభవం ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి "ఇది 0.1 మాత్రమే" అంటే నమ్ముతారా? వాళ్లు నమ్మకపోవడం అజ్ఞానం కాదు.

లెక్క_తేలాలి
అది ఒప్పుకుంటాను. పాలలోకి రేడియోధార్మిక అయోడిన్-131 వచ్చిందని వెంటనే చెప్పి పిల్లలకు ఆ పాలు ఆపించి ఉంటే చాలా థైరాయిడ్ క్యాన్సర్లు తప్పేవి. దాని అర్ధజీవిత కాలం 8 రోజులే, కొన్ని వారాలు ఆపితే చాలు.

మరి "చెర్నోబిల్‌లో ఎంతమంది చనిపోయారు" అని పిల్లలు అడిగితే ఏ అంకె చెబుతున్నారు?

డోస్_మీటర్
ఒకే అంకె చెప్పను. తొలి నెలల్లో రేడియేషన్ జబ్బుతో పోయిన సిబ్బంది, అగ్నిమాపకవాళ్లు 28 మంది. వీళ్లను పేరు పేరునా లెక్కపెట్టవచ్చు. తర్వాతి ఏళ్ల క్యాన్సర్లను అలా లెక్కపెట్టలేం, ఎవరి క్యాన్సర్ దేనివల్లనో దాని మీద రాసి ఉండదు. 2005లో ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక, బాగా డోసు పడిన ఆరు లక్షల మందిలో చివరికి 4,000 దాకా మరణాలు ఉండవచ్చని అంచనా వేసింది. అంతకన్నా చాలా ఎక్కువ చెప్పినవాళ్లూ ఉన్నారు. చాలా తక్కువ డోసును చాలా ఎక్కువ మందికి గుణించవచ్చా లేదా అన్న దగ్గరే ఈ తేడా వస్తుంది. పిల్లలకు ఇది చెప్పొచ్చు. సైన్సులో ఏది లెక్కించామో, ఏది అంచనా వేశామో వేరు చేయడం కూడా పాఠమే.

దీని పక్కనే జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం కూడా చెప్పండి. 2011లో అక్కడ రేడియేషన్ జబ్బుతో వెంటనే చనిపోయినవాళ్లు లేరు. కానీ ఊళ్లు ఖాళీ చేయించడం, ఏళ్ల తరబడి పరాయి చోట బతకడం, ఆ దిగులు, ఆగిపోయిన వైద్యం వల్ల పోయినవాళ్లు ఆ ఒక్క ప్రాంతంలోనే రెండు వేలకు పైగా. ఆసుపత్రుల నుంచి ముసలివాళ్లను హడావుడిగా తరలిస్తుంటే దారిలోనే కొందరు పోయారు. అక్కడి నుంచి వెళ్లిన పిల్లల్ని కొత్త స్కూళ్లలో తోటివాళ్లు ఏడిపించారు.

ఒంటరి_గది
చాలా రోజులుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. టీచర్ గారి ప్రశ్న చూసి రాస్తున్నాను. డోస్_మీటర్ గారు చెప్పిన రెండో రకం చికిత్స నాది.

థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక అయోడిన్-131 ఇచ్చారు. సీసం డబ్బా మూత తీసి, అందులోంచి క్యాప్సూల్ నా చేతికి రాకుండానే నోట్లో పడేలా ఇచ్చి, వాళ్లు బయటికి వెళ్లిపోయారు. ఆ మూత పడిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. గదిలో ఫోనుకు కూడా ప్లాస్టిక్ కవరు. నర్సమ్మ తలుపు దగ్గర నిలబడే మాట్లాడేది. నాకు అప్పుడు ఎంత బాధ అనిపించిందంటే, నేనే ఏదో చేయకూడని పని చేసినట్టు. ఎవరూ నాకు ముందుగా చెప్పలేదు, కిరణాలు నా లోపలి నుంచే వస్తాయని, అందుకే ఈ దూరమని.

ఇంటికి పంపేటప్పుడు చిన్నపిల్లలకు కొన్ని రోజులు దూరంగా ఉండమన్నారు, ఉన్నాను. గడువు అయిపోయింది. నెల దాటినా మా తోడికోడలు నేను అందించిన గ్లాసు అందుకోలేదు. ఆమె చెడ్డది కాదు, భయం.

ఒకరోజు రాత్రి నిద్రపట్టక మా అబ్బాయి పుస్తకం తీశాను. 8 రోజులకు సగం. 16కు నాలుగో వంతు. 24కు ఎనిమిదో వంతు. 32కు పదహారో వంతు. అదీ ఒంట్లోంచి ఏమీ బయటికి పోకపోతే. నిజానికి చాలా భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే మూత్రంలో పోతుందని డాక్టర్ చెప్పి ఉన్నారు. ఆ లెక్క కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మా తోడికోడలి కొడుకు తొమ్మిదో తరగతి. రెండు రోజులు దాని ముందు నిలబడి చదివాడు. మూడో రోజు వాళ్లమ్మను పిలిచి వేలు పెట్టి వరస వరసా చూపించాడు.

మీరు చెప్పే అర్ధజీవిత కాలం లెక్క నాకు ఇంట్లో మళ్లీ చోటిచ్చింది. దయచేసి ఆ లెక్కను పరీక్షకోసమే చెప్పకండి.

పదాల_పిచ్చి
@ఒంటరి_గది మీరు రాసినందుకు చాలా సంతోషం అమ్మా.

పాత_సుద్దముక్క
@ఒంటరి_గది ముప్పై ఏళ్లు "ఒక మూలకం అర్ధజీవిత కాలం 8 రోజులైతే" అని బోర్డు మీద రాశాను. అయోడిన్ అనైనా రాయలేదమ్మా, ఒక మూలకం అని రాశాను. మీ అనుమతి ఉంటే ఆ ఫ్రిజ్ కాగితాన్ని నా పాత విద్యార్థుల్లో టీచర్లు అయినవాళ్లకు పంపుతాను.

ఒంటరి_గది
పంపండి మాస్టారూ. పేరు వద్దు.

బీఎస్సీ_వెనకబెంచి
చేసి చూపించే ప్రయోగాలు ఏవీ రాలేదు ఇంకా. కిరణాలను లెక్కపెట్టే కౌంటర్ ఒకటి దొరికితే బెలూన్ ప్రయోగం చేయండి. మా కాలేజీలో చేశాం. బెలూన్ ఊది ఉన్ని గుడ్డతో బాగా రుద్ది, గాలి ఆడని కింది గదిలో అరగంట వేలాడదీశాం. గాలిలో ఎప్పుడూ కొంచెం రేడాన్ ఉంటుంది కదా, అది విఘటనమై పుట్టే సీసం-214, బిస్మత్-214 లాంటివి ఆ విద్యుదావేశానికి వచ్చి బెలూన్‌కు అంటుకుంటాయి. గాలి తీసేసి కౌంటర్ ముందు పెట్టాం.

ఉత్త గదిలో నిమిషానికి 22 వచ్చేది. బెలూన్ పెట్టగానే 140. టపటపటప మోగింది. నలభై నిమిషాలకు 80, ఎనభై నిమిషాలకు 51. ప్రతిసారీ 22 తీసేస్తే సగం సగం తగ్గుతున్నట్టే. కొన్న రేడియోధార్మిక పదార్థం ఏమీ లేదు, ఆ గది గాలే. "అంటుకోవడం" అంటే ఏమిటో కళ్లముందు కనిపిస్తుంది.

పాత_సుద్దముక్క
కౌంటర్ లేని బడిలో పాచికలు. వంద పాచికలు వేసి ఆరు పడినవి తీసేయడం. నాలుగు విసుర్లకు దాదాపు సగం మిగులుతాయి, ఎనిమిదికి పావు. "ఈ పాచిక తర్వాతి విసురుకు పోతుందా?" అని ఒకదాన్ని పట్టుకుని అడిగితే ఎవరూ చెప్పలేరు, "వందలో ఎన్ని పోతాయి?" అంటే అందరూ చెబుతారు. రెండు అర్ధజీవిత కాలాలకు మొత్తం అయిపోతుంది అనే పొరపాటు కూడా అక్కడే పోతుంది.

రెండో_పీరియడ్
రేడియేషన్ ఉందని హెచ్చరించే మూడు రెక్కల పసుపు గుర్తు గీసి ఇదేమిటని అడిగితే మా క్లాసులో సగం మంది ఫ్యాన్ అన్నారు. ఒకమ్మాయి ఓడను నడిపే పంకా అంది. తప్పెలా అంటాం, చూడటానికి అలాగే ఉంటుంది.

డోస్_మీటర్
పిల్లలే కాదు. 2000లో థాయిలాండ్‌లో తుక్కువాళ్లు కోబాల్ట్-60 పరికరాన్ని విప్పారు, గుర్తు ఉంది, వాళ్లకు అర్థం కాలేదు, ముగ్గురు చనిపోయారు. 2010లో ఢిల్లీ మాయాపురిలోనూ తుక్కులోకి కోబాల్ట్-60 వచ్చి ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ మూడు రెక్కల గుర్తు 1946లో బర్క్‌లీ ప్రయోగశాలలో పుట్టింది. అది శాస్త్రవేత్తల లోకంలోవాళ్ల గుర్తు. అందుకే 2007లో ఎర్రటి కొత్త త్రికోణం తెచ్చారు, అందులో కిరణాలు, పుర్రె, పరిగెత్తే మనిషి ఉంటాయి. 11 దేశాల్లో 1,650 మందికి చూపించి మరీ ఖాయం చేశారు. ప్రమాదకరమైన మూలాన్ని విప్పబోయేవాడి కంట పడేలా పరికరం లోపలే అంటిస్తారు. ఈ రెండు గుర్తులూ పక్కపక్కన గీయించండి.

సోషల్_మాస్టారు
టీచరమ్మ గారూ, ఒక్క మాట. ఏ పద్ధతి పెట్టుకున్నా ఆ అమ్మాయిని మాత్రం క్లాసులో ఉదాహరణగా లేపకండి.

సైన్స్_టీచరమ్మ
లేదండీ, ఆ ఆలోచనే లేదు.

సైన్స్_టీచరమ్మ
మూడు వారాలైంది, ఏం చేశానో చెబుతాను. సిలబస్ అయిపోయినా రెండు పీరియడ్లు అడిగి తీసుకున్నాను. సోషల్ టీచర్ కూడా క్లాసులో కూర్చున్నారు.

బోర్డుకు ఒకవైపు "కిరణం పడింది", రెండోవైపు "పదార్థం అంటింది" అని రాసి చీటీలు పంచాను. పన్ను ఎక్స్‌రే, మిషన్ కింద క్యాన్సర్ చికిత్స, గొయానియా పొడి, గడియారాల రేడియం, అయోడిన్ మింగిన పేషెంటు, స్వీడన్ ఉద్యోగి బూట్లు. ఎవరి చీటీ వాళ్లు వచ్చి అంటించి ఎందుకో చెప్పాలి. చెర్నోబిల్ అగ్నిమాపకవాళ్ల చీటీ దగ్గర గొడవ జరిగింది. ఒకడు ఎడమవైపు పెట్టాడు, ఇంకొకడు పీకి కుడివైపు పెట్టాడు. చివరికి చీటీని మధ్యకు చింపి రెండువైపులా అంటించారు. అయోడిన్ పేషెంటు చీటీ పట్టుకున్న అమ్మాయి "ఎనిమిది రోజులకోసారి ఈ చీటీని సగానికి చింపుతూ పోవాలి టీచర్" అంది. ఒంటరి_గది గారూ, మీరు గుర్తొచ్చారు.

పాచికలు ఆడించాను. బెలూన్ కుదరలేదు, కౌంటర్ దొరకలేదు.

మొదట అడిగిన అమ్మాయి క్లాసులో ఏమీ మాట్లాడలేదు. ఎండదెబ్బ మాట మాత్రం నోట్సు వెనక పేజీలో రాసుకుంది. మర్నాడు వచ్చి చెప్పింది, నాయనమ్మకు ఆ మాట చెబితే ఆవిడ కాసేపు ఆలోచించి "మరి ఏమీ కాకపోతే ఆసుపత్రిలో ఆ మిషన్ గది తలుపులేసి అందరూ బయటికి ఎందుకు పోతారే?" అని అడిగిందట. నాకు మళ్లీ చప్పున జవాబు రాలేదు. డోస్_మీటర్ గారూ?

డోస్_మీటర్
నాయనమ్మగారు మంచి ప్రశ్నే వేశారు. మిషన్ నడుస్తున్నంతసేపూ గదిలో కిరణాలు ఉంటాయి, కొంత అటూ ఇటూ చెదురుతుంది కూడా. పేషెంటుకు అది చికిత్స, లాభం ఉంది కాబట్టి తీసుకుంటారు. మా సిబ్బందికి లాభం లేదు, పైగా రోజుకు ఎంతోమంది పేషెంట్లు, ఏడాది పొడవునా. అందుకే బయట నిలబడి కెమెరాలో చూస్తాం. మిషన్ ఆగగానే తలుపు తీసుకుని లోపలికి వెళ్లేది మేమే. చెయ్యి పట్టుకుని బల్ల మీంచి దింపేది కూడా మేమే. ఆ చేతుల్తో మా ఇంటికి వెళ్లి మా పిల్లల్ని ఎత్తుకుంటాం. ఇది చెప్పండి.

సైన్స్_టీచరమ్మ
చెప్పాను. నాయనమ్మ ఈసారి ఆసుపత్రికి తనూ వెళ్తానందట, ఆ తలుపు తీసేటప్పుడు అక్కడ ఉండి చూస్తుందట.